ఒకరి నుంచి ఎందరికి? అంటువ్యాధుల లెక్క చెప్పేది, చెప్పలేనిది

2023 వానాకాలంలో బెంగళూరంతా కళ్లకలక తిరిగింది. అప్పుడు నేను మారతహళ్లిలో ఒక పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో ఉండేవాణ్ని. నాలుగు అంతస్తులు, దాదాపు అన్నీ త్రీ షేరింగ్ గదులు. ఉండేవాళ్లలో ముప్పాతిక మంది మన గుంటూరు, కడప, నెల్లూరు, ఖమ్మం కుర్రాళ్లే. ఒక సోమవారం పొద్దున రెండో అంతస్తు తమ్ముడొకడు ఎర్రటి కళ్లతో, రెప్పలు అతుక్కుపోయి టిఫిన్‌కి దిగాడు. వెనక నిలబడ్డవాడు మొహం పక్కకు తిప్పుకుని, "అన్నా, నా కళ్లలోకి చూడకు, అంటుకుంటుంది" అన్నాడు. అలా అన్నవాడే, ముందున్నవాడు కళ్లు నలుపుకుని పెట్టేసిన సాంబారు గరిటెను వెంటనే చేత్తో పట్టుకున్నాడు. కళ్లకలక చూపుతో అంటదు. ఆ గరిటెతో, తలుపు గడియతో, మంచం కోడుకి ఆరేసిన ఉమ్మడి టవల్‌తో అంటుతుంది.

నాలుగు రోజులకు ఇంకో ఇద్దరు. ఆపై సోమవారానికి మరో ఐదుగురు. మెస్‌లో వడ్డించే అక్క నన్ను పక్కకు పిలిచి అడిగింది: "బాబూ, నువ్వు లెక్కలు చదువుకున్నావంట కదా. ఇది ఎంతమందికి వస్తుంది? ఎప్పటికి పోతుంది?"

2020లో ప్రభుత్వాలూ టీవీ చానళ్లూ శాస్త్రవేత్తలను అడిగినవి కూడా సరిగ్గా ఈ రెండు ప్రశ్నలే. ఎంతమందికి? ఎప్పటికి? అంటువ్యాధుల గణితానికి ఈ రెండూ కష్టమైన ప్రశ్నలు. అది బాగా జవాబు చెప్పగలిగేది మూడో ప్రశ్నకు: మనం ఏం చేస్తే ఎంత తగ్గుతుంది? ఆ మూడో ప్రశ్నను మనం అడగడం తక్కువ. అందుకే ఈ లెక్కల మీద మనకు ఒకసారి గుడ్డి నమ్మకం, ఇంకోసారి పూర్తి అపనమ్మకం.

ఆ రాత్రి అక్క కోసం వేసిన లెక్కనే ఇక్కడ వేసి చూపిస్తాను. ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు చాలు, కాగితం మీదైనా వేయొచ్చు.

పీజీలో సరిగ్గా వందమంది ఉన్నారనుకుందాం. వాళ్లను మూడు గుంపులు చేద్దాం. ఇంకా సోకనివాళ్లు, ఇప్పుడు ఇతరులకు అంటించగలవాళ్లు, వచ్చి పోయి ఇక అంటించలేనివాళ్లు. ఒకరికి సోకి, వారి నుంచి మరొకరికి చేరడానికి నాలుగు రోజులు పడుతుందనుకుందాం. దాన్ని ఒక విడత అందాం. సోకిన ప్రతి ఒక్కరూ ఒక విడతలో ఇద్దరికి అంటించగలరు అనుకుందాం. కానీ ఆ ఇద్దరిలో ఒకడికి ఇప్పటికే వచ్చి పోయి ఉంటే ఆ అంటింపు వృథా. అందుకని రెండును, వందమందిలో ఇంకా సోకనివాళ్లు ఎంత వాటా ఉన్నారో దానితో గుణించాలి. మొత్తం కిటుకంతా ఈ గుణకారంలోనే ఉంది.

మొదట ఒక్కడు. మిగతా 99 మందికీ సోకలేదు. తర్వాతి విడతలో ఇద్దరు. ఆపై నలుగురు. ఆపై 7, 12, 18, 20. ఇక్కడికి ఏడో మెట్టు. ఇక్కడి నుంచి 14, 6, 2. అయిపోయింది. మొత్తం 86 మందికి వచ్చింది, 14 మంది తప్పించుకున్నారు.

20 దగ్గర ఎందుకు తిరిగింది? ఎవరూ చేతులు కడుక్కోలేదు, ఎవర్నీ విడిగా ఉంచలేదు, రోగం బలహీనపడలేదు. సోకనివాళ్లు యాభైకి దిగువకు పడిపోయారు, అంతే. ఒక్కొక్కరు ఇద్దరిని తాకుతున్నా, ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పటికే వచ్చి పోయినవారైతే కొత్తగా సోకేది ఒక్కరికే. అంతకన్నా తగ్గితే ఒక్కరికి కూడా కాదు. ఎండుగడ్డి అయిపోతే మంట తగ్గినట్టు. తప్పించుకున్న ఆ 14 మందికి ప్రత్యేకమైన శక్తేమీ లేదు. వాళ్ల చుట్టూ అంటించేవాళ్లు మిగల్లేదు.

ఇంకో సంగతి చూడండి. యాభై దగ్గర మలుపు వచ్చినా, రోగం 86 దాకా వెళ్లింది. ఆ మలుపు సమయానికి దాదాపు 20 మంది అంటించే స్థితిలో ఉన్నారు కాబట్టి. బ్రేక్ వేసిన లారీ వేసినచోటే ఆగదు కదా. 'సగం మందికి వస్తే ఇక దానంతట అదే పోతుంది' అని నిశ్చింతగా అనేవాళ్లు ఈ మిగతా 36 మందినీ మరిచిపోతారు. మంద రక్షణ (హెర్డ్ ఇమ్యూనిటీ, అంటే తగినంతమందికి రక్షణ వచ్చి రోగం నిలబడలేకపోవడం) అనే మాటను కరోనా రోజుల్లో చాలామంది ఈ తప్పుతోనే వాడారు. ఆ గీత చేరడం వేరు, ఆ గీత దగ్గర ఆగడం వేరు.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. టవళ్లు వేరు చేశారు, గరిటె పట్టుకునే పని అక్కకే అప్పగించారు. ఇద్దరికి బదులు సగటున ఒకటిన్నర మందికే అంటుతోందనుకుందాం. చిన్న మార్పు. అదే లెక్క మళ్లీ వేస్తే ఒక విడతలో అత్యధికంగా వచ్చేది 20 మందికి కాదు, 8 మందికి. మొత్తం 86 కాదు, సుమారు 63. ఎక్కువ రోజులు సాగుతుంది, అది నిజం. కానీ 20 మంది ఒకేసారి మంచం ఎక్కితే చుక్కలమందు వేసేవాళ్లు దొరకరు. 8 మందైతే పక్క గదివాళ్లు చూసుకోగలరు. పీజీ స్థానంలో నగరాన్ని, మంచం స్థానంలో ఐసీయూ బెడ్‌ను పెట్టి చూడండి. 2020లో 'వక్రరేఖను చదును చేయాలి' అని చెప్పిన మాటకు అర్థం ఇదే. ఆ మాటకు బదులు ఈ రెండు అంకెలు, 20, 8, చూపించి ఉంటే మన ఊళ్లలో ఇంకా ఎక్కువమందికి అర్థమయ్యేదని నాకు గట్టి నమ్మకం.

ఈ 'ఒకరి నుంచి ఎందరికి' అన్న అంకెనే ఆర్ విలువ అంటారు. ఎవరికీ రక్షణ లేని జనంలో, ఎలాంటి జాగ్రత్తా లేనప్పుడు ఉండే ఆర్‌ను ఆర్ నాట్ అంటారు. తట్టుకి సాధారణంగా 12 నుంచి 18 దాకా చెబుతారు. మొదటి రకం కరోనాకు రెండు, మూడు మధ్య. ఇది రోగానికి పుట్టుకతో వచ్చిన గుర్తింపు సంఖ్య అనుకోవద్దు. దాన్ని విప్పి చూస్తే మూడు ముక్కలు కనిపిస్తాయి. సోకినవాడు రోజుకు ఎంతమందిని కలుస్తాడు, కలిసినప్పుడు అంటుకునే అవకాశం ఎంత, ఎన్ని రోజులు అంటించగలడు. ఈ మూడూ గుణిస్తే ఆర్. క్రిమి సంగతి ఎంత ఉందో మన బతుకుతీరు సంగతి కూడా అందులో అంతే ఉంది. అదే రోగానికి త్రీ షేరింగ్ పీజీలో ఒక ఆర్, చేలో విడిగా ఇల్లు కట్టుకున్న ఊళ్లో ఇంకో ఆర్.

మనం తీసుకునే ప్రతి చర్యా ఈ ముక్కల్లో ఏదో ఒకదాన్ని కోస్తుంది. లాక్‌డౌన్ కలయికలను కోస్తుంది. మాస్కు, సబ్బు, తెరిచిన కిటికీ అంటుకునే అవకాశాన్ని కోస్తాయి. టెస్టు చేసి త్వరగా విడిగా ఉంచడం రోజులను కోస్తుంది. టీకా మన మొదటి గుంపును, అంటే సోకడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను తగ్గిస్తుంది. గుణకారం కాబట్టి ఇందులో మనకు కలిసొచ్చేది ఒకటుంది. ఆర్ 3 ఉన్నప్పుడు ఏదో ఒక్కదాన్ని మూడో వంతుకు దించడం చాలా కష్టం. కానీ మూడింటినీ తలా 30 శాతం తగ్గిస్తే 0.7ని మూడుసార్లు గుణించినట్టు. అది 0.34. మూడును దానితో గుణిస్తే ఒకటికి కాస్త పైన, 1.03. ఇంకొంచెం బిగిస్తే ఒకటికి దిగువ. ఒక్క భారీ చర్య కన్నా మూడు ఓ మోస్తరు చర్యలు కలిపి చేయడం ఎందుకు తెలివైన పనో ఈ గుణకారం చెబుతుంది. ఆర్ ఒకటికి దిగితే చాలు, సున్నాకి దించక్కర్లేదు. ప్రతి విడతా ముందు విడత కన్నా చిన్నదైతే రోగం తనంతట తానే అంతరిస్తుంది.

ఈ చివరి వాక్యం ఎవరి బుర్రలో పుట్టిందో తెలిస్తే బెంగళూరులో, హైదరాబాదులో ఉన్న తెలుగువాళ్లు సంతోషిస్తారు. రోనాల్డ్ రాస్ 1883లో బెంగళూరు కంటోన్మెంట్‌లో సైన్యపు డాక్టరు. తన బంగళాలో దోమలు విపరీతంగా ఉండటం చూసి, నిలవున్న నీళ్లను తీసేస్తే తగ్గుతాయని అక్కడే గమనించాడు. 1895లో కలరా పని మీద మళ్లీ బెంగళూరు వచ్చాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది నా దృష్టిలో అంతకన్నా గొప్పది. దోమలను తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని రాస్ అంటే, 'ప్రపంచంలో దోమలన్నిటినీ ఎవడు చంపగలడయ్యా' అని తోటి వైద్యులే కొట్టిపారేశారు. లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో చేసిన ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడం వాళ్ల వాదానికి బలమిచ్చింది. దానికి రాస్ సమీకరణాలతో జవాబు చెప్పాడు. దోమలన్నీ చావక్కర్లేదు. మనిషికి ఇన్ని దోమలు అనే నిష్పత్తి ఒక గీతకు దిగువకు వస్తే చాలు, కొన్ని దోమలు మిగిలినా మలేరియా మిగలదు. 1911 నాటికి ఈ వాదాన్ని పూర్తి గణితరూపంలో ప్రచురించాడు. అసాధ్యమని అందరూ వదిలేసిన పనికి, ఎంతవరకు చేస్తే చాలో హద్దు గీసి చూపించిన లెక్క అది.

రాస్‌తో కలిసి ఆఫ్రికా వెళ్లొచ్చిన ఆండర్సన్ మెకెండ్రిక్ అనే డాక్టరు ఆ దారిలోనే నడిచాడు. చాలా ఏళ్లు ఇండియాలో పనిచేశాడు. కసౌలీలో పాశ్చర్ సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు. జబ్బుచేసి ఎడిన్‌బరో తిరిగి వెళ్లాక, ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న విలియం కెర్మాక్ అనే యువ రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఒక పరిశోధన పత్రం రాశాడు. మనం ఇందాక వేసుకున్న మూడు గుంపుల లెక్కకు మూలం అదే. దాన్ని సరిచూసుకోవడానికి వాళ్లు వాడిన అంకెలు 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా బొంబాయిలో ప్లేగుతో చనిపోయినవారివి. వాళ్ల గీత ఆ చావుల గీత మీద చక్కగా కూర్చుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్లేగు ఎక్కువగా ఎలుకల మీది గోమార్ల ద్వారా వస్తుంది, మనిషి నుంచి మనిషికి నేరుగా అంటేది కొద్ది. వాళ్ల సమీకరణంలో ఎలుకలకు విడిగా చోటు లేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా గీత సరిపోయింది. పైకి లేచి, కిందికి దిగే గంట ఆకారపు గీతకు చాలా రకాల కారణాలు సరిపోతాయి. గీత సరిపోయినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. వందేళ్లయినా ఈ శాస్త్రంలో పనిచేసేవాళ్లు పదేపదే మరిచిపోయి, పదేపదే నేర్చుకునే పాఠం ఇది. (బెంగళూరుకూ ఆ ప్లేగుతో బంధముంది. 1898లో ఇక్కడికి వచ్చి పాత పేటను ఖాళీ చేయించింది. వెడల్పాటి రోడ్లతో మల్లేశ్వరం, బసవనగుడి పెరగడానికి అదో పెద్ద కారణం. ప్లేగు మారెమ్మ గుళ్లు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి.)

మళ్లీ అక్క ప్రశ్నల దగ్గరికి వద్దాం. ఎంతమందికి, ఎప్పటికి అన్నవి ఎందుకంత కష్టం?

పీజీలో మొదటి రెండు విడతలు చూడండి. ఆర్ 2 అయితే ఇద్దరు, ఆపై నలుగురు. ఆర్ 1.5 అయితే ఒకరో ఇద్దరో, ఆపై ఇద్దరు. తేడా ఇద్దరు మనుషులు. ఈలోగా ఒకడు ఆఫీసులో సెలవు దొరకదని నల్లకళ్లద్దాలు పెట్టుకుని దాచేశాడు. ఇంకొకడు ఊరెళ్లిపోయాడు. ఇప్పుడు మీ దగ్గరున్న అంకెలతో ఆర్ రెండా, ఒకటిన్నరా అని తేల్చగలరా? తేల్చలేరు. కానీ చివరికొచ్చేసరికి ఆ తేడా 86కి, 63కి మధ్య తేడా. మొదట్లో ఉన్న చిన్న సందేహం చివర్లో పెద్ద అంతరమవుతుంది. రోగం మొదలైన నెలకే ఫలానా తేదీకి ఇన్ని లక్షలు అని చెప్పడం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. పైగా ఈ రోజు పేపర్లో వచ్చిన కేసులు వారం పది రోజుల కిందట సోకినవి. మనం ఎప్పుడూ పాత అంకెలనే చూస్తూ ఉంటాం.

దాచేసిన కేసులు ఎంత పెద్ద సంగతో కర్ణాటకలో 2020 సెప్టెంబరులో చేసిన సర్వే చూపించింది. జనం నుంచి నమూనాలు తీసి, సోకిన ఆనవాళ్లు ఎంతమందిలో ఉన్నాయో వెదికారు. అప్పటికే రాష్ట్రంలో 27.3 శాతం మందికి వైరస్ తగిలిందని తేలింది. అంటే లెక్కకు దొరికిన ప్రతి ఒక్క కేసుకూ సుమారు 40 మందికి సోకింది. రోజూ టీవీలో చూసిన అంకెల వెనక నలభై రెట్ల జనం ఉన్నారు. మోడల్‌కు, అంటే ఇలాంటి లెక్కకు, పోసే పిండే ఇలా ఉంటే, వచ్చే దోసె ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ నేపథ్యంలోనే 2020 అక్టోబరు నాటి సంగతి చూడాలి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం వేసిన జాతీయ కమిటీ ఒకటి, ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన, సూత్ర అనే మోడల్‌తో లెక్కలు వేసింది. సెప్టెంబరులోనే దేశంలో శిఖరం దాటిపోయిందని, జాగ్రత్తలన్నీ పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు బాగా తగ్గిపోతాయని చెప్పింది. ఫిబ్రవరిలో నిజంగానే తగ్గాయి కూడా. ఆ తర్వాత వచ్చింది మనందరికీ తెలుసు. ఏప్రిల్ చివరికి ఒక్క బెంగళూరులోనే రోజుకు 20 వేలకు పైగా కేసులు. మే మొదటి వారంలో దేశమంతటా కలిపి రోజుకు 4 లక్షలు దాటాయి. ఆక్సిజన్ సిలిండర్ కోసం, బెడ్ కోసం అర్ధరాత్రి తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసిన రోజులవి. నా కాంటాక్ట్స్‌లో ఆ నెలలో పోయినవాళ్ల నంబర్లు మూడు ఇప్పటికీ చెరపలేదు.

ఎక్కడ తప్పింది? మన గుణకారంలోకే వెళ్దాం. ఆర్ రెండున్నర అయితే 60 శాతం మందికి రక్షణ ఉంటే రోగం నిలబడలేదు. ఒకటి నుంచి, ఆర్‌తో ఒకటిని భాగించగా వచ్చింది తీసేస్తే ఆ గీత వస్తుంది. జనం మాస్కులతో, భయంతో తక్కువ కలుస్తున్నప్పుడు ఆర్ ఒకటిన్నరకు దిగి ఉంటే, ఆ గీత 33 శాతానికి దిగుతుంది. అప్పుడు 27 శాతం అంటే దాదాపు చేరినట్టే కనిపిస్తుంది, కేసులూ తగ్గుతాయి. తగ్గాయి కదా అని మాస్కు తీసేస్తే గీత మళ్లీ 60కి ఎగబాకుతుంది. ఇంతలో డెల్టా అనే కొత్త రకం వచ్చింది. దాని ఆర్ అయిదు అనుకున్నా గీత 80 శాతానికి పోతుంది. పరుగుపందెంలో మనం గమ్యం దగ్గరికి వచ్చామనుకున్నప్పుడు గమ్యాన్నే ముందుకు జరిపినట్టు. కొత్త రకం పుడుతుందని పాత అంకెల మీద ఆధారపడ్డ ఏ సమీకరణమూ చెప్పలేదు.

ఆ కమిటీని నేను గేలి చేయను. వాళ్లు 'పాటిస్తే' అన్నారు. హెడ్‌లైన్‌లో ఆ 'తే' ఎగిరిపోయింది. కానీ లక్షల ప్రాణాల సంగతి అయినప్పుడు, ఆ 'తే' ఎగిరిపోకుండా చూసే బాధ్యత చెప్పేవాళ్ల మీదా ఉంటుంది. ఒకే తేదీ, ఒకే శిఖరం చెప్పే బదులు 'పాటిస్తే ఇది, పాటించకపోతే ఇది, కొత్త రకం వస్తే ఇది' అని మూడు గీతలు పక్కపక్కన పెట్టి చూపించాలి. మూడో గీత చూసిన రాష్ట్రం ఫిబ్రవరిలోనే ఆక్సిజన్ ఏర్పాటు చేసుకునేది.

ఇందుకు తిరకాసు ఇంకోవైపూ ఉంది. మోడల్ హెచ్చరించింది, జనం విన్నారు, రోగం రాలేదు. అప్పుడు 'చూశావా, అన్ని లక్షలన్నారు, ఏదీ?' అంటారు. గొడుగు వేసుకుని తడవకుండా ఇంటికొచ్చి, వాన పడనే లేదన్నట్టు ఉంటుంది ఆ మాట.

మూడు గుంపుల లెక్కలో ఇంకో పెద్ద ఊహ దాగి ఉంది. వందమందీ ఒకరినొకరు సమానంగా కలుస్తారని. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటాం. కుండంతా ఒకేలా ఉడికినప్పుడే ఆ మాట చెల్లుతుంది. మా పీజీలో కళ్లకలక గదుల వారీగా వెళ్లింది. ఒక గదిలో ముగ్గురికీ వచ్చింది, పక్క గదిలో ఒక్కరికీ రాలేదు. నగరమైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే 2020లో ఇక్కడి ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పరిశోధకులు ముంబైలోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్లతో కలిసి వేరే దారి పట్టారు. కంప్యూటర్‌లో కోటికి పైగా ఊహాత్మక మనుషులతో ఒక బెంగళూరును కట్టారు. ప్రతి మనిషికీ ఒక ఇల్లు, ఒక వయసు, బడో ఆఫీసో, ఒక వార్డు. బడులు మూస్తే ఏమవుతుంది, ఆఫీసుకు సగం మందే వెళితే ఏమవుతుంది అని అందులో ఆడించి చూశారు. ఇలాంటిదాన్ని నడపడం ఖర్చు, దానికి కావాల్సిన వివరాలూ ఎక్కువే. కానీ 'ఏది మూయాలి, ఏది తెరవచ్చు' అనే ప్రశ్నకు మూడు గుంపుల లెక్క అసలు జవాబే చెప్పలేదు, ఇది కొంతవరకు చెబుతుంది.

సమానంగా కలవకపోవడం ఎంతదూరం పోతుందో మన రాష్ట్రమే చూపించింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది 2020లో ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాంటాక్టుల వివరాల మీద ఒక పెద్ద అధ్యయనం ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో సైన్స్ పత్రికలో వచ్చింది. 84,965 కేసులు, వాళ్లను కలిసిన 5,75,071 మంది. తేలింది ఏమిటంటే, సోకినవారిలో 71 శాతం మంది తాము కలిసినవారిలో ఒక్కరికి కూడా అంటించలేదు. ఎనిమిది శాతం మంది మాత్రం కొత్త కేసుల్లో 60 శాతానికి కారణమయ్యారు. సగటు ఆర్ రెండు అంటే ప్రతి ఒక్కరూ ఇద్దరికి అని కాదు. పదిమందిలో ఏడుగురు సున్నా, ఒకరు పదిహేను. అదే అధ్యయనంలో, సోకినవారి దగ్గరగా ఒకే వాహనంలో ఆరు గంటలకు మించి ప్రయాణించినవారిలో 79 శాతం మందికి సోకింది. ఆ గుంపు చిన్నది, వందమంది కూడా లేరు. కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడకూడదు. కానీ శుక్రవారం రాత్రి మడివాళలో ఏసీ స్లీపర్ ఎక్కి తెల్లారి విజయవాడలో దిగే మన జనానికి ఆ వాక్యం గట్టిగానే తగలాలి.

ఇది తెలిస్తే చర్యల తీరు మారుతుంది. అందరినీ సమానంగా కట్టడి చేయడం కన్నా, మూసిన గాలి, ఎక్కువ మంది, ఎక్కువసేపు అనే మూడూ కలిసే చోట్ల మీద దృష్టి పెట్టాలి. కల్యాణ మండపాలు, బస్సులు, కాల్ సెంటర్ ఫ్లోర్లు. పార్కులో ఒంటరిగా నడిచే పెద్దాయన్ను ఆపినందువల్ల ఆర్ కదలదు.

చివరిగా, ఇప్పుడు ఈ నగరానికి ప్రతి ఏటా వచ్చే లెక్క. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా నోటిఫై చేసింది. డెంగీ మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు, దోమ కావాలి. దీనివల్ల లెక్క మారుతుంది, మన చేతికి కొత్త ఆయుధం వస్తుంది.

రోగం ఒక చుట్టు తిరగాలంటే దోమ రెండుసార్లు కుట్టాలి. మొదట సోకినవాణ్ని, తర్వాత సోకనివాణ్ని. ఒక్కసారి కుట్టి ఊరుకుంటే ఏమీ జరగదు. కాబట్టి దోమల సంఖ్యను సగం చేస్తే ఆర్ సగమవుతుంది. కానీ ఒక్కో దోమ కుట్టే సార్లను సగం చేస్తే ఆర్ నాలుగో వంతుకు పడుతుంది, ఎందుకంటే ఆ సగం రెండు చోట్లా పడుతుంది. పగలు కుట్టే దోమ ఇది. జ్వరంతో పడుకున్న పిల్లాడికి పగటిపూట కూడా దోమతెర కట్టడం ఆ పిల్లాడి కోసం కాదు, మిగతా ఇంటి కోసం. ఈ ఒక్క మాట ఇంటింటికీ చేరాలని నా ఆశ.

రెండోది దోమ వయసు. డెంగీ ఉన్న మనిషిని కుట్టాక ఆ వైరస్ దోమ లోపల పెరిగి లాలాజలానికి చేరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంతదాకా ఆ దోమ బతికితేనే ప్రమాదం. రోజుకు పది శాతం దోమలు చస్తున్నాయనుకుందాం. వందలో పది రోజుల తర్వాత మిగిలేవి 35. రోజుకు 20 శాతం చస్తే పది రోజులకు మిగిలేవి 11. పైగా ఆ మిగిలిన పదకొండూ ఇక బతికే రోజులు కూడా సగానికి తగ్గుతాయి. చావుల రేటును రెట్టింపు చేస్తే ప్రమాదం సగం కాదు, అయిదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే మలేరియా నిపుణుడు రాస్ సమీకరణాలను ముందుకు తీసుకెళ్లి చూపించింది ఇదే. ముసలి దోమ ప్రమాదకరం, కాబట్టి దోమను ముసలి కానివ్వకూడదు.

సాయంత్రం వీధిలో పొగబండి వస్తే జనానికి తృప్తి. కానీ ఈ దోమ ఇంట్లో బట్టల వెనక, మంచం కింద కూర్చుంటుంది. వీధి పొగ అక్కడిదాకా పెద్దగా చేరదు. పైగా గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే కాబట్టి కొత్తవి వస్తూనే ఉంటాయి. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయాలంటారు. ఆ వారం అన్నది ఎవరో సౌకర్యం కోసం పెట్టిన గడువు కాదు, దోమ పుట్టే గడువు కన్నా ఒక అడుగు ముందుండేది.

మా పీజీ మేడ మీద ఆరు నీలం డ్రమ్ములు ఉండేవి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక ఓనరు కొన్నవి. వానలు పడ్డాక కూడా అవి నిండుగానే ఉన్నాయి, మూతలు సగం తెరిచి. అక్కకు పై రెండు లెక్కలూ చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం ఆమె, నేను, మూడో అంతస్తు కుర్రాళ్లిద్దరూ కలిసి డ్రమ్ములు బోర్లించాం. నీళ్లు పోయాక నేను చెయ్యి దులుపుకుంటుంటే అక్క ఆపింది. కొబ్బరి పీచు తీసుకుని డ్రమ్ము లోపలి గోడను, నీటి గీతకు కాస్త పైన, గట్టిగా తోమడం మొదలుపెట్టింది. మిరియాల పొడి అంటుకున్నట్టు నల్లటి చుక్కలు అక్కడ బారుగా ఉన్నాయి. గుడ్లు. నీళ్లు లేకపోయినా ఎండిన గోడ మీద నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. నేను చెప్పడం మరిచిపోయిన సంగతి అది. వాళ్ల ఊళ్లో తొట్లు ఎప్పుడూ అలాగే కడుగుతారట.